తీర్పరియు ప్రేక్షకులును

తీర్పు తీర్చువాడు పొరబడినప్పుడు తీర్పు పొందినవాడు ఏమి చేయవలెను? ఈ ప్రశ్న పాతది. కుటుంబములలోను, సంఘములలోను, ఊరి పంచాయతీలలోను ఇది మనకు ఎదురగుచునే యున్నది. అయితే ఆ స్థలములలో తీర్పు తప్పో ఒప్పో తేలుటకు సంవత్సరములు పట్టును. కొన్ని ఎన్నటికిని తేలవు. ఆటస్థలములో అట్లు కాదు. అక్కడ తీర్పు అర సెకనులో పడును, వేలకొలది కన్నులు దానిని చూచును, మరుక్షణమే ఆ కన్నులు గలవారందరు తీర్పరిమీద తీర్పు తీర్తురు. గనుక ఈ నెల నేను బాస్కెట్‌బాల్ ఆటను గూర్చి వ్రాయుచున్నందుకు చదువరులు ఆశ్చర్యపడకుందురు గాక.

ఈ ఆట పుట్టిన చోటు మనకు అంత పరాయిది కాదు. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమందు, వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు దీనిని కల్పించెను. ఆయన మాంట్రియల్ నగరములో దైవశాస్త్రము చదివినవాడు. చలికాలములో గది లోపల ఆడదగినదియు, ఒకరినొకరు కుమ్ముకొని గాయపడుటకు చోటియ్యనిదియు అగు ఆట ఒకటి కావలసి వచ్చెను. ఆయన రెండు పీచ్‌పండ్ల బుట్టలను 10 అడుగుల ఎత్తున కొట్టించి, 13 నియమములు వ్రాసి పెట్టెను. ఆ నియమములలో ఒక విశేషమున్నది. ఆయన ఇద్దరు తీర్పరులను ఏర్పరచెను. ఒకడు మనుష్యులకు తీర్పరి: ఎవడు ఎవనిని పట్టుకొనెనో, నెట్టెనో, కాలు అడ్డము పెట్టెనో చూచుట అతని పని. రెండవవాడు బంతికి తీర్పరి: అది హద్దు దాటెనా, బుట్టలో పడెనా, సమయమెంత అయినది అనునవి అతని పాలు. మనుష్యుల సంగతియు బంతి సంగతియు ఒక్కటి కాదని నైస్మిత్ గారికి మొదటి దినముననే తెలిసియుండెను.

మద్రాసులో 1920లో హ్యారీ క్రో బక్ దొరగారు స్థాపించిన వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాలలో చదివిన డ్రిల్లు మాష్టర్లు మన మిషను హైస్కూళ్లలోనికి వచ్చిరి. మా హైస్కూలు మైదానములో కూడ వల ఊడిపోయిన ఇనుప వలయ మొకటి తుప్పుపట్టి యుండెడిది. అక్కడ రిఫరీ డ్రిల్లు మాష్టరుగారే. ఆయన ఈలకు ఎదురు చెప్పినవాడు సాయంకాలమువరకు ఎండలో నిలువవలసినదే. ప్రశ్న యంతటితో ముగిసెడిది.

గత సంవత్సరము టెక్సాసు రాష్ట్రములో ఉద్యోగము చేయుచున్న మా మేనల్లుని ఇంటికి వెళ్లినప్పుడు, అతడు నన్ను ఎన్.బి.ఏ. ఆటకు తీసికొనిపోయెను. ఇది వృత్తిగా ఆడువారి ఆట. టెలివిజనులో చూచినవారికి ఆట తెలియును గాని ఆటస్థలము తెలియదు. దాదాపు 18 వేలమంది పట్టు ఆ కట్టడములో, మేము కూర్చున్న పైవరుసనుండి చూడగా, 94 అడుగుల పొడవును 50 అడుగుల వెడల్పును గల చెక్కనేల చాపంత కనబడెను. దానిమీద ఆరున్నర అడుగుల మనుష్యులు పదిమంది పరుగెత్తుచుందురు. 24 సెకనులలోగా బంతిని బుట్టకు వేయవలెనను నియమము 1954 నుండి యున్నది గనుక ఎవరికిని ఊపిరి తీసికొను తీరికలేదు. అవతలి జట్టువాడు ఫ్రీ త్రో వేయుటకు నిలువగానే, బుట్ట వెనుక కూర్చున్నవారు చేతులూపి కేకలువేసి వాని గురి తప్పింపజూతురు. అక్కడ అది అమర్యాద కాదట. ఆరాధనలో ‘ఆమేన్’ అని గట్టిగా అనుటకు సిగ్గుపడు మనవారు కొందరు నా ప్రక్క వరుసలో గొంతు చించుకొనుచుండుట చూచి నాకు నవ్వు వచ్చెను.

చివరి భాగము ముగియవచ్చుచున్నది. రెండు జట్లును సమానముగా నున్నవి. ఆ ఊరి జట్టువాడొకడు బంతితో బుట్టమీదికి దూకెను. అవతలివాడొకడు అతని త్రోవలో నిలిచెను. ఇద్దరును కూలిరి. ఈల మ్రోగెను, తప్పు దూకినవానిదని రిఫరీ సైగచేసెను. ఒక్కమారుగా ఆ మందిరమంతయు లేచి నిలిచెను. తల్లియెదుట ఎన్నడు గొంతెత్తని మా మేనల్లుడు, “చూశారా మామయ్యా! దొంగ! వీడు డబ్బు తిన్నాడు!” అని అరచెను.

ఆ తీర్పు ఎంత కష్టమైనదో చెప్పవలసియున్నది. బంతిగలవాడు పైకి లేచుటకు ఆరంభింపకమునుపే, అడ్డగించువాడు అతని త్రోవలో తన మొండెమును నిలుపుకొనియుండిన యెడల తప్పు దూకినవానిది. పావు సెకను ఆలస్యముగా వచ్చిన యెడల తప్పు నిలిచినవానిది. బుట్టక్రింద నేలమీద ఒక అర్ధవృత్తము గీయబడియుండును; అడ్డగించువాని పాదము దానికి తగిలియున్న యెడల లెక్క మరల మారును. కాబట్టి రిఫరీ ఒక్క చూపులోనే పైనున్న చేతులను, నడుమనున్న మొండెమును, క్రిందనున్న పాదములను చూచి, ఏది ముందో ఏది వెనుకో తెలిసికొనవలెను. ఇందుకే 1988 నుండి ప్రతి ఆటకును ముగ్గురు రిఫరీలు ఉండుచున్నారు: ఒకడు బుట్టక్రింది గీతయొద్ద, ఒకడు ప్రక్కను, ఒకడు వెనుకను. అయినను ఏదో ఒక వీపు ఎవరో ఒకరి చూపునకు అడ్డు వచ్చుచునే యుండును. మేము కూర్చున్న చోటునుండి ఆ పాదములు మా కెవ్వరికిని కనబడలేదు. కనబడనివారి కేకయే అక్కడ ఎక్కువ గట్టిగా నుండెను.

కొలది క్షణములలో పైన వ్రేలాడు పెద్ద తెరమీద అదే ఘట్టమును మెల్లగా చూపిరి. మా మేనల్లుడు, “అదిగో, కాలు కదిలింది!” అనెను. మా ముందు వరుసలో అవతలి జట్టు చొక్కాలు తొడిగిన దంపతులు అదే తెరను చూచి, రిఫరీ చేసినది సరియేయని తలలూపిరి. ఇది క్రొత్త సంగతి కాదు. 1951 నవంబరులో ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ విద్యాలయముల నడుమ జరిగిన అమెరికా ఫుట్‌బాల్ ఆట మిక్కిలి మొరటుగా సాగెను. పిమ్మట హాస్టార్ఫ్, కాంట్రిల్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఆ ఆట ఫిలిమును ఇరుపక్షముల విద్యార్థులకును చూపి, కనబడిన తప్పులను గుర్తింపుమనిరి. డార్ట్‌మత్ జట్టు చేసిన తప్పులు డార్ట్‌మత్ విద్యార్థులకు ఎన్ని కనబడెనో, ప్రిన్స్‌టన్ విద్యార్థులకు అందుకు రెట్టింపునకు పైగా కనబడెను. 1954లో ఈ సంగతిని ప్రచురించిరి. ఆ విద్యార్థులు అబద్ధమాడిరని ఎవరును అనలేదు. తాము చూచినదియే వారు చెప్పిరి. నాకు భయము కలిగించునది అదియే.

అయితే మా మేనల్లుడు “తప్పు చెప్పాడు” అని అనలేదు; “దొంగ” అనెను. ఈ రెండు మాటలకు నడుమనున్న దూరమును గూర్చి నేను ఆ రాత్రియంతయు ఆలోచించితిని. తీర్పరి మూడు విధములుగా తప్పిపోవచ్చును. కన్ను అందక పొరబడుట ఒకటి. తనకే తెలియక ఒక పక్షమునకు మొగ్గుట ఒకటి. తీర్పును అమ్ముకొనుట ఒకటి. ప్రేక్షకుడు మొదటిదానిని చూచి మూడవదాని పేరు పెట్టును.

మూడవది లేకపోలేదు. టిమ్ డోనఘీ అను ఎన్.బి.ఏ. రిఫరీ తాను ఈల ఊదిన ఆటలమీదనే పందెములు కాచెననియు, జూదగాండ్రకు లోపలి సమాచార మమ్మెననియు 2007లో బయలుపడెను. అతడు నేరము ఒప్పుకొనెను. 2008లో 15 నెలల చెరసాల శిక్ష పడెను. ఆ కీడు అతనితో ఆగలేదు. 2002లో లాస్ ఏంజెలిసు, సాక్రమెంటో జట్ల నడుమ జరిగిన పోటీలలో ఆరవ ఆట చివరి భాగమందు లాస్ ఏంజెలిసువారికి 27 ఫ్రీ త్రోలు దొరికెను. అది అప్పటికే సాక్రమెంటోవారికి మానని పుండు. డోనఘీ పట్టుబడిన తరువాత, 2002 నాటి ఒక ఆటను రిఫరీలు కావలెననియే ఒక ప్రక్కకు మళ్లించిరని అతని పక్షమున న్యాయస్థానమునకు వ్రాయగా, అది ఆ యాటయేయని జనులు గ్రహించిరి. సంస్థవారు కాదనిరి, ఆ మాట ఎన్నడును రుజువు కాలేదు. అయినను ఒక్కడు అమ్ముడుపోయినందున, అమ్ముడుపోని వారి పాత తీర్పులు కూడ అనుమానములో పడెను. దొంగలు నిజముగా నున్నారు గనుకనే ఆ మాటను దొంగలకొరకు దాచియుంచవలెనని నా అభిప్రాయము. అందరికిని వాడిన యెడల, నిజమైన దొంగ దొరికిన దినమున మనయొద్ద మాట మిగులదు.

రెండవ విధమే నాకు ఎక్కువ పాఠము నేర్పినది. జోసెఫ్ ప్రైస్, జస్టిన్ వుల్ఫర్స్ అను ఆర్థిక శాస్త్రజ్ఞులు అనేక సంవత్సరముల ఎన్.బి.ఏ. ఆటల లెక్కలు తీసి, రిఫరీలు తమ జాతివారు కాని ఆటగాండ్రకు కొంచెము ఎక్కువ ఫౌలులు ఇచ్చుచున్నారని కనుగొనిరి. నల్లవారికిని తెల్లవారికిని ఇది వర్తించెను. తేడా చిన్నది, ఒక ఆటలో కన్నుతో పట్టుకొనలేనిది. 2007లో వార్తాపత్రికలు దీనిని ప్రకటింపగా సంస్థవారు ఒప్పుకొనలేదు. కాని తరువాతి సంవత్సరముల లెక్కలను వారును మరియొక పరిశోధకుడును చూడగా, ఆ తేడా కనబడకుండ పోయెను. ఎవరిని శిక్షింపలేదు, ఎవరిని తీసివేయలేదు. “నీలో ఇది యున్నది” అని బయట పలికిన ఒక్క మాట వారి చెవిని పడుటయే దీనికి కారణమైయుండునని వారి తలంపు. కాబట్టి ప్రేక్షకులు నోరు మూసికొని కూర్చుండవలెనని బోధించువారితో నేను ఏకీభవింపను. లెక్కతో చెప్పిన మాట మనిషిని మార్చినది. “దొంగ” అను కేక ఎవరినైనను మార్చినట్లు నే నెరుగను.

ఇక యంత్రముల సంగతి. నైస్మిత్ గారు బంతికి నియమించిన తీర్పరి పనిని నేడు చాలవరకు యంత్రములు చేయుచున్నవి. సమయము ముగియకమునుపే బంతి చేతిని విడిచెనా అను ప్రశ్నకు 2002లో మొదలైన ఆటలకాలమునుండి వీడియోను చూచుచున్నారు. 2014లో న్యూజెర్సీలోని సెకాకస్‌లో దీనికొరకు ఒక కేంద్రమునే తెరచిరి. బంతి చేతిలో నుండెనా లేదా అనునది అవును కాదులతో ముగియు ప్రశ్న. అక్కడ చిత్రము చాలును. మనుష్యులకు తీర్పరియైనవాని పని అట్లు కాదు. చేయి చేతికి తగిలినదని చిత్రము చెప్పును. ఆ తగులుట వలన వాని ఆటకు భంగము కలిగెనా అని అది చెప్పదు. 2019లో ఫౌలు తీర్పులను సహితము కోచ్‌లు ప్రశ్నించుటకు హక్కు ఇచ్చిరి. అయితే ఊదిన ఈలనే ప్రశ్నింపవచ్చును. ఊదని ఈలను ప్రశ్నించుటకు సామాన్యముగా వీలులేదు. చేసిన తప్పునకు విచారణ కలదు, చేయక విడిచినదానికి లేదు. ఒప్పుకోలు ప్రార్థనలో ఈ రెండింటిని వేరువేరుగా చెప్పుకొను మనకు ఇది బాగుగా అర్థమగును.

2015 నుండి సంస్థవారు మరియొక పని చేయుచున్నారు. హోరాహోరీగా ముగిసిన ఆటలలో చివరి రెండు నిమిషముల తీర్పులనన్నిటిని మరల పరిశీలించి, ఏవి సరి, ఏవి తప్పు, ఏ ఈల ఊదవలసియుండి ఊదలేదు అని మరునాడు ప్రకటింతురు. ఫలితము మాత్రము మారదు. కారులో ఇంటికి పోవుచు మా మేనల్లుడు దీనినే ఎత్తి, “రేపు తప్పని ఒప్పుకుంటే మాత్రం ఏం లాభం మామయ్యా? ఆట పోయింది కదా!” అనెను. ఈ అడుగు తేలికగా కొట్టివేయదగినది కాదు. జక్కయ్య ఒప్పుకొని ఊరకుండలేదు, నాలుగంతలు మరల చెల్లించెదననెను. చెల్లింపులేని ఒప్పుకోలు చౌకబారు సరకు అని సంఘములలో మనమే చెప్పుచుందుము.

చెల్లింపజూచిన సందర్భ మొకటి యున్నది. 2007 డిసెంబరులో అట్లాంటాలో మయామి జట్టు ఆడుచుండగా, షకీల్ ఓ నీల్‌కు ఐదు ఫౌలులే అయియుండగా లెక్క వ్రాయువారు ఆరని వ్రాసి అతనిని బయటకు పంపిరి. ఆరు ఫౌలులైనవాడు మరల ఆడరాదు. మయామివారు ఫిర్యాదు చేయగా, ఆ అదనపు సమయములోని చివరి 51.9 సెకనులు మరల ఆడవలెనని తీర్పాయెను. 2008 మార్చి 8న ఆడిరి. ఏ జట్టును ఒక్క పాయింటైనను చేయలేదు. అట్లాంటా 114–111గా గెలిచెను. అన్యాయము పొందిన ఓ నీల్ అప్పటికి మయామిలో లేడు. ఫీనిక్సు జట్టునకు మారిపోయియుండెను. కాలమును మరల చెల్లించుట మనుష్యులచేత నగు పని కాదు. ఆ ఆటను మరల తెచ్చిరి గాని ఆ రాత్రిని తేలేకపోయిరి.

చెల్లింపు సాధ్యముకాని చోట ఒప్పుకోలు ఒక్కటే మిగులును. అప్పుడది చౌక కాదు. అన్యాయము పొందినవానికి నష్టముకంటె ఎక్కువ బాధ పెట్టునది మరియొకటి కలదు: తాను చూచినది జరుగలేదని అందరును అనుట. ఆస్తి తగవులలో ఓడిన విధవరాండ్రు నాయొద్దకు వచ్చి పొలమును గూర్చి ఏడ్చుట తక్కువ. “నేను అబద్ధమాడినట్టు చేశారయ్యా” అని ఏడ్చుట ఎక్కువ.

2023 జనవరి 28న బోస్టన్‌లో, ఆట సమానముగా నుండి కడపటి క్షణములు జరుగుచుండగా, లాస్ ఏంజెలిసు జట్టు ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ బుట్టయొద్దకు చొచ్చుకొనిపోయెను. అడ్డగించినవాడు అతని చేతిమీద కొట్టెను. ఈల మ్రోగలేదు. జేమ్స్ నేలమీద మోకాళ్లూని తల పట్టుకొనెను. అతని తోటివాడొకడు ఫొటోగ్రాఫరు కెమెరాను తెచ్చి రిఫరీకి చూపబోగా, అతనికే శిక్ష పడెను. అదనపు సమయములో బోస్టన్ 125–121గా గెలిచెను. మరునాడు రిఫరీల సంఘమువారు, తాము తప్పు చేసితిమనియు, అది తమ కడుపులో దేవుచున్నదనియు, దానివలన తమకు నిద్ర పట్టదనియు బహిరంగముగా ప్రకటించిరి. దానివలన లాస్ ఏంజెలిసు జట్టునకు ఒక్క పాయింటును కలిసిరాలేదు. పుస్తకములో నేటికిని 125–121 అనియే యున్నది. అయితే మోకాళ్లూనినవాడు ఊరక నటించెనని ఇక ఎవరును అనలేరు.