పనిని అడిగి కొన్న పాటలపెట్టె

అరకు లోయలోని ఒక ఊరి నుంచి బావా బావమరుదులిద్దరు విశాఖపట్నం వచ్చి, ఒకే గదిలో ఉంటూ కానిస్టేబుల్ ఉద్యోగాలకు తయారవుతున్నారు. రాతపరీక్ష గట్టెక్కినా 1600 మీటర్ల పరుగులో నిలవకపోతే ఉద్యోగం రాదు. అందుకని తెల్లవారకముందే లేచి బీచ్ రోడ్డు మీద పరుగెత్తేవారు. పండగకో పబ్బానికో ఊరెళ్ళాలంటే కిరండూల్ వెళ్ళే రైలెక్కేవారు. పరుగులోనూ ప్రయాణంలోనూ పాట తోడుంటే బాగుండునని ఇద్దరికీ అనిపించింది. ఫోన్ పట్టుకెళితే పరుగు మధ్యలో మెసేజ్‌లు మోగుతాయి. రైలు కొండెక్కితే సిగ్నల్ పోయి పాట ఆగిపోతుంది. కొత్తవలస–కిరండూల్ మార్గంలో ఉన్న సొరంగాలు 58 మరి! అందుకే విడిగా ఒక చిన్న మ్యూజిక్ ప్లేయర్ కొనుక్కోవాలనుకుని చెరో రెండున్నర వేలు దాచుకున్నారు.

బావ ఆ సాయంత్రమే బజారుకు వెళ్ళాడు. దుకాణంలో అన్నిటికంటే పెద్ద తెర ఉన్నదాన్ని చూశాడు. టచ్ స్క్రీన్, వీడియోలు, ఆటలు, ఫోటోలు, పైగా 128 జీబీ కార్డు ఉచితం. అదే డబ్బుకి ఇన్ని వస్తుంటే ఇక ఆలోచించేదేముందని కొనేశాడు.

బావమరిది మాత్రం డాబాగార్డెన్స్‌లో రేడియోలు బాగుచేసే మావయ్య దగ్గరికి వెళ్ళాడు. ఆయన బావకు బాబాయి అవుతాడు.

"మావయ్యా, రెండున్నర వేలలో మంచి ప్లేయర్ ఏదో చెప్పు."

"మంచిదేదో తర్వాత చూద్దాం అల్లుడూ. ముందు ఇది చెప్పు. పరుగెత్తేటప్పుడు దాన్నెక్కడ పెట్టుకుంటావు?"

"చొక్కాకి తగిలించుకుంటాను."

"అయితే క్లిప్పుండాలి, బరువుండకూడదు. పాట మార్చాలంటే చూసి మారుస్తావా, తడిమి మారుస్తావా?"

"పరుగులో చూడ్డం ఎలా కుదురుతుంది? తడిమే."

"అయితే బొత్తాలుండాలి. చెమట వేలికి టచ్ స్క్రీన్ సరిగా లొంగదు. చెమట చుక్కలకు తట్టుకునేదా కాదా కూడా చూసుకో. అట్ట మీద ఐపీఎక్స్4 అని ఉంటే నీటి చిలకరింపుకు తట్టుకుంటుందని అర్థం. సరే, రైల్లో ఎంతసేపు వింటావు?"

"ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా."

"అయితే తెర ఎంత చిన్నదైతే నీకంత మేలు. బ్యాటరీని ఎక్కువగా తినేది తెరే. బ్లూటూత్ కూడా కొంత తింటుంది. వైరున్న ఇయర్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం ఉన్నది తీసుకో. అప్పుడు ఛార్జింగు ఒక్క ప్లేయర్‌కే పెట్టుకుంటే చాలు. ఇంతకీ పాటలెక్కడివి?"

"ఫోన్‌లో యాప్ ఉంది మావయ్యా. నెలనెలా డబ్బు కడుతున్నాను. పాటలన్నీ అందులోనే వింటున్నాను."

"అవి ఆ యాప్‌లోనే పలుకుతాయిరా, ఇందులోకి రావు. కొనుక్కున్న ఎంపీ3 ఫైళ్ళో, నీ సీడీల నుంచి కంప్యూటర్లోకి ఎక్కించుకున్నవో ఉండాలి. అవి లేకపోతే ప్లేయర్ కొని దండగ."

బావమరిది కాసేపాలోచించి, ఇంట్లో నాన్న దాచిన సీడీలున్నాయని చెప్పాడు. మావయ్య సంతోషించి, బల్ల సొరుగులోంచి ఒక పాత వాక్‌మన్ తీసి చూపించాడు.

"సోనీ వాళ్ళు దీన్ని మొదటిసారి 1979లో తెచ్చారు. నడిచేవాడి చెవిలో పాట పెట్టిన పెట్టె ఇదే. కానీ లోపల మోటారు, బెల్టు తిరగాలి. నేను ఎన్నిటికి బెల్టులు మార్చానో! 2001లో వచ్చిన మొదటి ఐపాడ్‌లో కూడా తిరిగే హార్డ్ డిస్కే. 2005లో ఐపాడ్ షఫుల్ వచ్చింది. దాని లోపల తిరిగేదేమీ లేదు, బయట తెర కూడా లేదు. అయినా జనం ఇష్టంగా కొనుక్కున్నారు. ఎందుకంటే పరుగెత్తేవాడికి కావలసింది కుదుపుకు ఆగిపోని పాట. ఇప్పుడు చౌక ప్లేయర్లన్నీ ఫ్లాష్ మెమరీవే, కాబట్టి కుదుపు భయం లేదు."

"మరి ఎన్ని జీబీ ఉండాలి?"

"128 కేబీపీఎస్ ఎంపీ3 నిమిషానికి సుమారు 1 ఎంబీ తీసుకుంటుంది. అయిదు నిమిషాల పాటకు 5 ఎంబీ. అంటే 8 జీబీలో పదిహేను వందల పాటలు పడతాయి. నీ దగ్గర అన్ని పాటలున్నాయా? కార్డు పెట్టుకునే చోటుంటే చాలు. చాలా చౌక ప్లేయర్లు 32 జీబీ కార్డు వరకే తీసుకుంటాయి, అది కూడా చూసుకో. ఇంకో మాట. ఇలాంటి చిన్న తెరలు చాలావరకు తెలుగు అక్షరాలు చూపించవు, గళ్ళు గళ్ళుగా కనిపిస్తాయి. పాటల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకో."

బావమరిది అలాంటిదే ఒకటి వెతికి కొన్నాడు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, వెనక క్లిప్పు, ముందు అయిదు బొత్తాలు. దాచుకున్న డబ్బులో ఇంకా మిగిలింది. దాంతో పేరున్న కంపెనీ కార్డు, చెవిలో జారకుండా నిలిచే ఇయర్‌ఫోన్లు తీసుకున్నాడు.

బావ దాన్ని చూసి, "ఇందులో ఏముందిరా?" అన్నాడు.

మర్నాటి పరుగులోనే తేడా తెలిసింది. బావ ప్లేయర్ జేబులో ఎగిరెగిరి పడింది. పాట మార్చడానికి ప్రతిసారీ ఆగి, చేయి తుడుచుకుని, తెర వెలిగించాల్సి వచ్చింది. సంక్రాంతికి ఊరెళుతుంటే బొర్రా గుహల స్టేషన్ రాకముందే బ్యాటరీ అయిపోయింది. ఊళ్ళో ఛార్జింగ్ పెట్టి చూస్తే, ఎక్కించిన పాటల్లో సగానికి పైగా పలకలేదు. ఉచితంగా వచ్చిన కార్డు మీద రాసిన అంకెకూ, లోపలున్న చోటుకూ పొంతన లేదు. బావమరిది ప్లేయర్ మాత్రం సొరంగాల్లోనూ పాడింది, తిరుగు ప్రయాణంలోనూ పాడింది.

పట్నం తిరిగొచ్చాక బావ తన ప్లేయర్‌ను తీసుకెళ్ళి బాబాయి బల్ల మీద పెట్టాడు. "బాబాయ్, మోసపోయాను. ఇది పనికిరాని సరుకు."

ఆయన దాన్ని ఇటూ అటూ తిప్పి చూశాడు. "కార్డు నకిలీది, అది పారెయ్. కొత్త కార్డు ఏది కొన్నా, నిండా పాటలెక్కించి చివరి పాట దాకా పలుకుతోందో లేదో ముందే చూసుకోవాలి. ప్లేయర్ మాత్రం పనికిరానిది కాదురా. ఇంట్లో కూర్చుని, పక్కన ప్లగ్గు పెట్టుకుని, పాత సినిమాలు చూసేవాళ్ళకి ఇది చక్కగా పనికొస్తుంది. మీ అమ్మకివ్వు. నువ్వు కొన్నది చెడ్డ వస్తువు కాదు, ఇంకొకరి వస్తువు."

బావమరిది ముఖం వెలిగింది. అది చూసి ఆయన వాడి వైపు తిరిగాడు. "నువ్వూ విను అల్లుడూ. సముద్రపు హోరు వినిపించకూడదని సౌండు బాగా పెంచుతున్నావట. పెద్దవాళ్ళు 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు వినవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 90కి పెంచితే వారానికి 4 గంటలే. ప్లేయర్ పాడైతే ఇంకోటి కొనుక్కుంటావు, చెవి ఎక్కడ దొరుకుతుంది? పోనీ చెవి సంగతి అలా ఉంచు. రోడ్డు మీద పరుగెత్తేవాడు వెనక వచ్చే బండి హారన్ వినొద్దా? ఒక చెవి రోడ్డుకి వదిలెయ్."

ఇద్దరూ తలూపారు. ఆ వేసవిలో బావ కూడా ఒక చిన్న క్లిప్పు ప్లేయర్ కొనుక్కున్నాడు. వాళ్ళమ్మ పెద్ద తెర మీద సినిమాలు చూసుకుంటోంది.

నీతి: వస్తువు మంచిదో కాదో చెప్పేది దాని అట్ట మీద రాసిన గుణాల పట్టిక కాదు, మనం దానికి అప్పగించే పని. ఒక్క పని కోసం కొనే వస్తువులో పది పనులు దూర్చితే, అసలు పనికి ఉండాల్సిన బ్యాటరీ, తేలిక, బొత్తాలు తగ్గిపోతాయి. తక్కువ డబ్బున్నవాడు మరీ జాగ్రత్తగా చూసుకోవాల్సింది ఇదే, ఎందుకంటే రెండోసారి కొనే వీలు అతనికి ఉండకపోవచ్చు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? దుకాణం మెట్లెక్కేముందే నాలుగు ప్రశ్నలకు జవాబులు కాగితం మీద రాసుకోండి. ఎక్కడ వింటాను? ఎంతసేపు వింటాను? చేత్తో ఎలా నడుపుతాను? నా పాటలు ఏ రూపంలో ఉన్నాయి? ఆ కాగితానికి సరిపోయినదే కొనండి, ధర తక్కువైనా సరే సిగ్గుపడకండి.