ఆటకనే చెప్పి అడుగు

అమలాపురం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

గేమింగ్‌కి ముప్ఫై వేలలోపు మంచి అల్ట్రావైడ్ మానిటర్ ఏదో చెప్పమన్నావు. తెరలు విప్పి బిగించడమే నా వృత్తి కాబట్టి తప్పకుండా చెబుతాను. కానీ నీ మెసేజ్ చివర ఇంకో మాట ఉంది: "నాన్నకి మాత్రం కాలేజీ ప్రాజెక్టుకని చెప్పు మామయ్యా." ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు గనక ఉత్తరం రాస్తున్నాను.

ఆడుకోవాలనిపించడం తప్పు కాదు. బ్యాడ్మింటన్ ఆటగాడు రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ పుట్టిన ఊరు మనది. అతను చిరాగ్ శెట్టితో కలిసి బంగారు పతకం గెలిచిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లోనే, 2023లో, ఈ-స్పోర్ట్స్‌కి కూడా మొదటిసారి పతకాలిచ్చారు. ఆట పేరు చెప్పడానికి నువ్వు సిగ్గుపడక్కర్లేదు.

తప్పంతా కోరికని అవసరమని చెప్పడంలో ఉంది. మీ నాన్న సంగతి నీకన్నా ముందు నుంచీ నాకు తెలుసు. 2011లో గిట్టుబాటు లేక కోనసీమ రైతులు ఖరీఫ్ వరి వేయకుండా పంట విరామం ప్రకటించినప్పుడు నీకింకా ఊహ తెలీదు. ఆ ఏడు మీ ఇంట్లో అన్ని ఖర్చులూ ఆగాయి, మీ అక్క స్కూలు ఫీజు తప్ప. అంబాజీపేటలో కొబ్బరికాయ ధర ఎంత పడిపోయినా, దింపు కూలీ, ఒలుపు కూలీ పోగా ఎంత తక్కువ మిగిలినా, చదువనేసరికి బావగారు లెక్క చూసుకోరు. ఎరువులకని దాచిందైనా తీసి ఇచ్చేస్తారు. అదే ఆటకని అడిగావనుకో, చేతిలో ఎంతుందో చూసుకుని ఇవ్వగలిగింది ఇస్తారు, లేకపోతే ఇప్పుడు వద్దంటారు. అలా చూసుకునే హక్కు ఆయనది. అబద్ధం చెబితే ఆయన డబ్బుతోపాటు ఆ హక్కుని కూడా నువ్వు తీసేసుకున్నట్టే. అందుకే ఆటకనే చెప్పి అడుగు.

ఆయనకి నిజం చెప్పాలంటే ముందు నీకు నువ్వు చెప్పుకోవాలి. నీ ఆటలకి వెడల్పు తెర నిజంగా కావాలా? మామూలు మానిటర్ 16:9, అల్ట్రావైడ్ 21:9. సినిమాస్కోప్ కొలతకి ఇది చాలా దగ్గర. 1974లో 'అల్లూరి సీతారామరాజు' తెలుగు తెరకి తెచ్చిన వెడల్పు అదే. కార్ల పందేలు, విమానం నడిపే ఆటలు, పెద్ద లోకంలో తిరిగే ఆటలు ఈ తెర మీద కళ్ల నిండుగా కనిపిస్తాయి. ఫోర్జా హొరైజన్ 5, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 అలాంటివే. కానీ నువ్వు రాత్రిళ్లు ఎక్కువగా ఆడేది వాలరెంట్. ఆ ఆట 16:9కి మించి పక్కల దృశ్యం చూపించదు. ఎల్డెన్ రింగ్‌లో అయితే అటూ ఇటూ నల్లటి పట్టీలు మిగిలిపోతాయి. మీ స్నేహితుడి ప్లేస్టేషన్ 5 తెచ్చి పెట్టినా అంతే, దానికి 21:9 రాదు. గడచిన నెల రోజుల్లో ఏ ఆట ఎన్ని గంటలు ఆడావో కాగితం మీద రాసుకో. వాలరెంటే ముప్పాతిక భాగం ఉంటే నీకు కావలసింది అల్ట్రావైడ్ కాదు, తక్కువ ధరలో వచ్చే 24 అంగుళాల మామూలు తెర, 144 హెర్ట్జ్‌ది.

రెండోది నీ ల్యాప్‌టాప్. అందులో ఉన్నది జీటీఎక్స్ 1650, నాలుగు జీబీల గ్రాఫిక్స్ కార్డు. దాని బలం ఎంతో లెక్క వేసి చూడు. 1920×1080 తెర మీద సుమారు 20.7 లక్షల చుక్కలుంటాయి. 2560×1080 మీద 27.6 లక్షలు, అంటే మూడో వంతు ఎక్కువ. 3440×1440 మీద 49.5 లక్షలు, దాదాపు రెండున్నర రెట్లు. ఇప్పుడున్న తెరకే అన్ని సెట్టింగులూ తగ్గించి ఆడుతున్న నువ్వు 3440×1440 మానిటర్ తెస్తే, ఆరు నెలలు తిరక్కుండా కొత్త ల్యాప్‌టాప్ కావాలంటావు. ఆ రెండో ఖర్చుని ఈరోజే చూడగలగడమే వివేకం.

ఇక కొలతలు. 29 అంగుళాల అల్ట్రావైడ్ ఎత్తు 23 అంగుళాల మామూలు మానిటరంతే. 34 అంగుళాలది ఎత్తులో 27 అంగుళాల దానితో సమానం, వెడల్పు రెండున్నర అడుగులకు పైమాట. నీ హాస్టల్ బల్లని టేపు పెట్టి కొలువు. 34 అంగుళాల్లో 2560×1080 ఉన్నది చవగ్గా దొరికినా తీసుకోకు. అంగుళానికి 82 చుక్కలే పడతాయి, అక్షరాలు గరుగ్గా కనిపిస్తాయి. అదే 2560×1080 తెర 29 అంగుళాల్లో అయితే అంగుళానికి 96 చుక్కలు, అది బాగుంటుంది.

హెర్ట్జ్ అంటే సెకనుకి తెర ఎన్నిసార్లు కొత్త బొమ్మ వేస్తుందన్నది. 2023 ఏప్రిల్‌లో సాత్విక్ కొట్టిన స్మాష్ గంటకి 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్ రికార్డుకెక్కింది. ఆ షటిల్ అదే వేగంతో పోతోందనుకుంటే, 60 హెర్ట్జ్ తెర మీద ఒక బొమ్మకీ తర్వాతి బొమ్మకీ మధ్య రెండున్నర మీటర్లకు పైగా దూకేస్తుంది. 144 హెర్ట్జ్ తెర మీద ఆ దూకుడు మీటరుకి కాస్త ఎక్కువ. ఎదురు కాల్పుల ఆటల్లో ఈ తేడా తెలుస్తుంది. నిదానమైన ఆటలకి 100 హెర్ట్జ్ చాలు. అయితే నీ కార్డు సెకనుకి 50 బొమ్మలే తయారు చేస్తుంటే, 144 అని పెట్టె మీద రాసి ఉన్నంత మాత్రాన అవి 144 అయిపోవు.

పెట్టె మీది రాతల్ని ఆచితూచి నమ్ము. స్పందన సమయం "1 ఎంఎస్" అన్నచోట అది జీటీజీయా (చుక్క రంగు మారే సమయం), ఎంపీఆర్‌టీయా చూడు. రెండోదైతే వెనక దీపాన్ని ఆర్పి వెలిగిస్తూ సాధించిన అంకె, ప్యానెల్ వేగం కాదు. "హెచ్‌డీఆర్" అన్నచోట నిట్లు (వెలుగు కొలత) ఎన్నో వెతుకు. వెసా సంస్థ 2017లో పెట్టిన డిస్‌ప్లేహెచ్‌డీఆర్ కొలతల్లో అన్నిటికన్నా కింది మెట్టే 400. 250, 300 నిట్ల తెర మీద ఆ మూడక్షరాలు ఉన్నా లేనట్టే. ముప్ఫై వేలలోపు 34 అంగుళాల వాటిలో ఎక్కువగా వీఏ ప్యానెళ్లు వస్తాయి. వాటిలో నలుపు చిక్కగా ఉంటుంది గానీ చీకటి దృశ్యాలు వేగంగా కదిలినప్పుడు వెనక మసక జాడ మిగులుతుంది. ఐపీఎస్‌లో నలుపు కాస్త పలచన, కదలిక శుభ్రం. కార్డు వేగానికి తెర వేగాన్ని కలిపే ఫ్రీసింక్ ఉన్నది తీసుకో. 2019 జనవరి నుంచి ఎన్విడియా కార్డులూ డిస్‌ప్లేపోర్ట్ మీద దాన్ని వాడుకోగలుగుతున్నాయి. నీ ల్యాప్‌టాప్‌లో ఆ పోర్టు ఉందో లేదో కొనకముందే చూడు.

ధర దగ్గర ఒక మంచి కబురు. 32 అంగుళాలు దాటిన మానిటర్లకి 28 శాతం జీఎస్టీ ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 18 శాతమైంది. పన్ను కాక పాతిక వేలున్న తెర 32,000 పడేది, ఇప్పుడు 29,500 పడాలి. బిల్లు అడిగి పన్ను గడి చదువు. సున్నా వడ్డీ వాయిదాలంటే మాత్రం మొగ్గు చూపకు. సున్నా వడ్డీ అనేదే లేదని 2013లో రిజర్వు బ్యాంకే బ్యాంకులకి చెప్పింది. ఆ వడ్డీ ధరలోనో, రుసుములోనో, పోయిన డిస్కౌంటులోనో దాగి ఉంటుంది. పైగా సంపాదన లేని నీ వాయిదా కట్టేది ఎవరు? వారంటీలో ఎన్ని చెడ్డ చుక్కలుంటే మార్చి ఇస్తారో, సర్వీసు రాజమండ్రిలోనో కాకినాడలోనో ఉందో ముందే కనుక్కో. సెలవులకి తెర ఇంటికి తెస్తే మన ఉప్పుగాలి తగిలే కిటికీ పక్కన పెట్టకు, గాలివాన మొదలవగానే ప్లగ్గు తీసెయ్.

ఇంకో సాకు ఉంది, నువ్వింకా అనలేదు గానీ నీ వయసు వాళ్ల నోట వింటున్నాను: "ఆడి సంపాదిస్తాను." పందెం ఆటలైతే మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ని వేరుగా గుర్తించింది. గెలిచేవాళ్లు ఉన్నారు, కాదనను. వాళ్లు తెర కొని ఆటగాళ్లు కాలేదు. నీ కోరికని పెట్టుబడి అని పిలవకు. సరదా అని పిలువు, సరదాకి తగినంత ఖర్చే పెట్టు.

ఇదంతా చూశాక నా సలహా ఇది. నీ కాగితంలో పెద్ద లోకపు ఆటలే ఎక్కువుంటే, ఈ ల్యాప్‌టాప్‌కి 29 అంగుళాల 2560×1080 ఐపీఎస్, 100 హెర్ట్జ్, ఫ్రీసింక్ ఉన్నది సరిపోతుంది. నీ ముప్ఫై వేలల్లో ఇంకా మిగులుతుంది. 34 అంగుళాల 3440×1440 నీ సొంత జీతంతో, దానికి తగ్గ కంప్యూటర్‌తో కలిపి కొనుక్కో.

ఈ ఆదివారం ఇంటికెళ్లి ఆ కాగితం మీ నాన్న ముందు పెట్టు. ఏ తెర, ఎంత ధర, ఎందుకు, రోజుకి ఎన్ని గంటలు ఆడతావు, అన్నీ నువ్వే చెప్పు. నిజం చెప్పడమంటే ఆయన "వద్దు" అన్నా వినడానికి సిద్ధపడటం కూడా. వద్దంటే ముఖం మాడ్చుకోకు, అమ్మ చేత అడిగించకు. సరే అంటే నాకు ఫోన్ చెయ్యి, కొట్టుకి నేనూ వస్తాను. తక్కువపడిన డబ్బు ఆయన ఎదురుగానే నీ చేతిలో పెడతాను. ఆయనకి తెలియకుండా మాత్రం ఒక్క రూపాయి ఇవ్వను.

ఇట్లు
మీ మామయ్య