పేరు పెట్టే హక్కు ఎవరిది?

1982లో పెంగ్విన్ సంస్థ సమకాలీన బ్రిటిష్ కవితా సంకలనం వేసింది. అందులో పెద్దపీట షేమస్ హీనీకి. ఆయన ఉత్తర ఐర్లండ్‌లో అప్పట్లో మైనారిటీలుగా ఉన్న కాథలిక్కుల ఇంట పుట్టినవాడు. 1983లో 'బహిరంగ లేఖ' పేరుతో కవిత రాసి, తాను బ్రిటిష్ కవిని కానని మర్యాదగానే చెప్పాడు.

రాసేది ఇంగ్లీషు. పుస్తకాలు అచ్చయ్యేది లండన్‌లో. మరి ఇది కృతఘ్నత కాదా?

కాదు. ఇంగ్లీషు ఆయన పుట్టిన ఇంట్లో, పొలంలో మాట్లాడుకున్న భాష. అది ఏ రాజ్యం సొత్తు? భాష ఒకటైనంత మాత్రాన జెండా ఒకటైపోతుందా? పీట వేసినవాళ్లే పేరూ పెడతామంటే ఆ గౌరవంలో సగం పెత్తనమే. నువ్వెవరని మనిషిని ముందు అడగాలి. అడగకుండా కలుపుకోవడం కూడా ఆక్రమణే.