దృష్టి నిలుపవలసిన చోటు



ఇష్టలింగమును ఎడమ అరచేతియందుంచుకొని, దానిమీదనే దృష్టి నిలిపి పూజించుట మన ఆచారము. ఆ కొంతసేపు భక్తుని చూపు ఇరుగుపొరుగుల మీదికి పోదు. పూజ ముగిసిన పిమ్మట అది ఎటు పోవుచున్నదో ఎవరికివారే పరీక్షించుకొనవలెను. "వాని నుదుట విభూతి లేదు", "ఆ యింటి కోడలికి ఆచారము తెలియదు", "వాడు పట్టణమునకు పోయి లింగము తీసివేసినాడట" - ఇట్టి తీర్పులు మఠపు అరుగుల మీదనే వినవచ్చుచుండును గదా!

బసవేశ్వరుడు దొంగతనము, హత్య, అసత్యము, కోపము వలదని చెప్పిన వచనముననే పరులను ఏవగించుకొనుటయు, తన్ను తాను పొగడుకొనుటయు, ఎదుటివారిని దూషించుటయు వలదనెను. అంతరంగశుద్ధికిని బహిరంగశుద్ధికిని ఇదియే మార్గమనెను. ఆత్మస్తుతిని, పరనిందను ఆయన ప్రక్కప్రక్కనే నిలుపుట గమనింపదగినది. అవి ఒకే త్రాసునకు రెండు తట్టలు. ఎదుటివాని తట్టను క్రిందికి నొక్కినచో మన తట్ట పైకి లేచును. అది మన గొప్పతనము కాదు. నొక్కిన చేతి పని.

పాల్కురికి సోమనాథుని బసవపురాణములో వంకాయల కథ కలదు. లింగధారులు కానివారు వంకాయలను మూటగట్టి లింగములవలె ధరించి రాగా, బసవేశ్వరుడు శంకింపక మ్రొక్కెను. ఆ వంకాయలు లింగములైనవి. వేషధారిని వెక్కిరించినచో వాడు వేషధారిగనే మిగిలిపోవును. గౌరవించినచో ఆ గౌరవమునకు తగినవాడగుటకు త్రోవ దొరకును.

శూన్యసంపాదనయందలి మరుళ శంకరదేవుని వృత్తాంతము ఇంకను హెచ్చరిక చేయునట్టిది. కన్నడమున మరుళుడనగా వెఱ్ఱివాడు. ఆయన కల్యాణములో బసవేశ్వరుని గృహముననే, ప్రసాదకుండము చెంత, ఏండ్ల తరబడి అజ్ఞాతముగ నుండెను. నిత్యము ఎందరో శరణులు వచ్చిపోవు ఆ యింట ఆయన మహిమ నెవరును గుర్తింపలేదు. అల్లమప్రభువు వచ్చి చూపిన పిదపనే లోకమునకు తెలిసెను. బసవేశ్వరుని యింటనే ఇట్లు జరిగినదన్నచో, మన తీర్పులలో ఎన్ని పొరపాట్లుండునో ఊహింపుడు.

అట్లయిన తప్పును తప్పని చెప్పరాదా? చెప్పవలెను. బసవేశ్వరుడే దంభమును కఠినముగ ఖండించెను. త్రాగి యిల్లు గుల్ల చేయువానిని ఆపవలెను. కోడలిని హింసించు అత్తను మందలింపవలెను. కాని చేసిన పనిని ఖండించుట వేరు, ఆ మనిషి యింతేయని తలుపు మూయుట వేరు. మొదటిది వానికి మేలు చేయును. రెండవది మన అహంకారమునకు మేత వేయును. పంచాచారములలోని భృత్యాచారము మనలను భక్తులకు భృత్యులుగ నుండుమన్నది. భృత్యుడు తన యజమానునకు నిజము చెప్పవచ్చును గాని, న్యాయాధిపతి పీఠమెక్కి కూర్చుండరాదు.

పట్టణమునకు పోయిన ఆ యువకుని సంగతియే చూడుడు. లింగము తీసివేసినాడని అందరును అనిరి గాని, పోయి అడిగినవారెవరు? అప్పులపాలై వెండి లింగకాయ నమ్ముకొని, లింగమును పాతగుడ్డలో కట్టి అంగీ లోపల దాచుకొని, సిగ్గుచేత మఠమునకు రానివాడేమో! నిజముగనే తీసివేసినను, మఠపు గడప త్రొక్కినప్పుడే గదా వానికి మరల ధరింపవలెనను తలంపు కలుగును? మన నోటిమాట వానిని ఆ గడపకు దూరము చేసినచో ఆ దోషము ఎవరిది?

కావున ఒకని గురించి మాట పెదవి దాటకముందే మనలను మనము ప్రశ్నించుకొందము: ఇది కన్నదా, విన్నదా? వానినే అడిగితినా? వాని యెదుట ఈ మాట అనగలనా? ఈ మూటికిని తృప్తికరమైన సమాధానము లేనిచో మౌనమే మేలు. అంతకంటెను మేలైనది, లేచి వాని యింటికి పోయి క్షేమమడుగుట.

శరణు శరణార్థి.