ముర్షిద్ మాటకు హద్దు ఎక్కడ?

అరకు లోయకు ఈశాన్యాన, సాలూరుకు చేరువలో పాచిపెంట ఉంది. 1900లో ఆ కొండల్లో కొర్రా మల్లయ్య అనే కొండదొర తనకు దైవావేశం కలిగిందని చెప్పగా నాలుగైదు వేల మంది ఆయన చుట్టూ చేరారు. మొదట ఎవరికీ హాని జరగలేదు. తర్వాత ఆయన తాను పాండవుల్లో ఒకడినని, ఆంగ్లేయులను వెళ్లగొడతానని ప్రకటించాడు. వెదురు బొంగులు తుపాకులవుతాయి, సర్కారు ఆయుధాలు నీళ్లవుతాయి అన్నాడు. జనం నమ్మి వెదుళ్లను తుపాకుల్లా చెక్కి కవాతు చేశారు. మే 1న విచారణకు వచ్చిన ఇద్దరు కానిస్టేబుళ్లను కొట్టి చంపారు. 7వ తేదీ తెల్లవారుజామున పోలీసుల కాల్పుల్లో 11 మంది మరణించారు. మల్లయ్య జైల్లోనే చనిపోయాడు. మరో ఇద్దరిని ఉరితీశారు.

ఇది పాలకులు రాసుకున్న కథనం. పరాయి పాలనలో మన్యం ప్రజలు పడ్డ బాధలు నిజమైనవి. వారిని చూసి నవ్వే హక్కు మనకు లేదు. తాయెత్తు కట్టించుకొని బిడ్డకు మందు మాన్పించే ఇళ్లు మనలో లేవా?

గురువు అక్కర్లేదని మేము అనటం లేదు. ఖుర్‌ఆన్ పారాయణమైనా, నమాజు పద్ధతైనా ఒకరి దగ్గర కూర్చుని నేర్చుకోవలసిందే. కాని విధేయతకు హద్దుంది. దైవప్రవక్త (స) ఒక దళాన్ని పంపుతూ నాయకుని మాట వినమన్నారు. ఆ నాయకుడు ఒకనాడు కోపంతో మంట పెట్టించి అందులో దూకమన్నాడు. కొందరు సిద్ధపడ్డారు కూడా! మిగతావారు ‘అగ్ని నుండి తప్పించుకోవటానికే కదా ప్రవక్తను ఆశ్రయించాం’ అని ఆగిపోయారు. సంగతి విన్న దైవప్రవక్త (స), వారు దూకి ఉంటే ఇక బయటికి వచ్చేవారు కాదని, విధేయత మంచి విషయాల్లోనే ఉంటుందని తెలిపారు.

ఇక హజ్రత్ బరీరా (రజి) సంగతి చూడండి. బానిసత్వం నుండి విముక్తి పొందాక ఆమె భర్త ముగీస్‌ను విడిచిపెట్టారు. ఆయన మదీనా వీధుల్లో ఆమె వెనుక ఏడుస్తూ తిరిగేవారు. అది చూసి దైవప్రవక్త (స) తిరిగి స్వీకరించవచ్చు కదా అన్నారు. “ఇది మీ ఆజ్ఞా?” అని ఆమె అడిగారు. కాదు, సిఫారసు మాత్రమే అన్నారాయన. అయితే నాకు ఆయన అక్కర్లేదు అన్నారామె. ఎవరూ ఆమె విశ్వాసాన్ని శంకించలేదు.

అమ్మాయి సంబంధం గురించో, పొలం అమ్మకం గురించో ముర్షిద్ ఒక మాట అన్నప్పుడు, “హజ్రత్, ఇది షరీఅత్ ఆజ్ఞా, మీ సలహానా?” అని మన ఇళ్లలో ఎందరు అడగగలుగుతున్నారు?