ఈ ఏటి కాపుకు ఈ ఏటి ధర

అమ్మలూ,

రాత్రి నువ్వు ఫోన్‌లో చెప్పిన మాట ఇంకా నా మనసులో మెదులుతూనే ఉంది. "మీ ఎక్స్‌పెక్టేషన్ ఎంతండీ?" అని రిక్రూటర్ అడగ్గానే, "కంపెనీ నార్మ్స్ ప్రకారం ఇవ్వండి" అనేశానన్నావు. సోమవారం వాళ్లు మళ్లీ చేస్తారుగా, ఈలోగా పెద్దమ్మ మాట కాస్త విను. ఇరవై ఏళ్లు హెచ్చార్‌లో ఉండి, ఆ ప్రశ్న ఎంతోమందిని అడిగినదాన్ని.

నీ చేత ఆ మాట అనిపించింది మొహమాటమే తల్లీ. నేనూ అన్నాను ఒకప్పుడు. మొదటి ఉద్యోగంలో "మీరెంతిస్తే అంతే సార్" అని చేరాను. ఏడాది తిరిగాక తెలిసింది, నాతోపాటే చేరి, నా పక్క సీట్లో అదే పని చేస్తున్నతనికి నాకంటే బాగా ఎక్కువ వస్తోందని. అతను అడిగాడు, నేను అడగలేదు. ఆ తేడా అక్కడితో ఆగదు. 6 లక్షలకు చేరినవాళ్లకీ ఏడున్నరకు చేరినవాళ్లకీ ఏటా అదే 10 శాతం పెంచుతూ పోయినా, ఐదేళ్లలో మొత్తం మీద 9 లక్షల పైచిలుకు తేడా వస్తుంది.

నూజివీడు దగ్గర మన మామిడితోట నీకు గుర్తుండే ఉంటుంది. కాపు కొనడానికొచ్చిన వ్యాపారి "పోయినేడాది ఎంతకిచ్చారు?" అని మొదలుపెడితే, "ముందు ఈ ఏటి కాపు చూడు" అనేవారు మీ తాతయ్య. వ్యాపారి గడప తొక్కేసరికే చుట్టుపక్కల తోటలు ఎంతకు పోయాయో వాకబు చేసి ఉంచుకునేవారు. తోటంతా తిప్పి చూపించి, "నువ్వెంతలో ఉన్నావు?" అని ముందు అతని నోటితోనే చెప్పించేవారు. నువ్వు చేయాల్సిందీ అదే.

ముందు వాకబు చెయ్యి. నీలాగే నాలుగేళ్ల అనుభవం ఉండి, ఈ ఏడాదిలో కంపెనీ మారినవాళ్లను నలుగురైదుగురిని అడుగు. మగపిల్లల్నీ అడుగు. ఫిక్స్‌డ్ ఎంత, వేరియబుల్ ఎంత అని విడివిడిగా అడుగు. 12 లక్షల సీటీసీ అంటే నెలకు లక్ష అనుకోకు. అందులో వేరియబుల్ 1,20,000, బేసిక్ 6 లక్షలు అనుకో. కంపెనీ కట్టే పీఎఫ్ 72 వేలు, మామూలుగా ఐదేళ్లు నిండితేగానీ చేతికందని గ్రాట్యుటీ దాదాపు 29 వేలు ఆ 12లోనే కలిపేస్తారు. నీ వాటా పీఎఫ్ ఇంకో 72 వేలు, నెలకు 200 ప్రొఫెషనల్ ట్యాక్స్ పోను అకౌంట్లో పడేది 75 వేల చిల్లర. అందుకే ఏ మాట మాట్లాడినా ఫిక్స్‌డ్ మీదే మాట్లాడు.

వాళ్లు అడగ్గానే అంకె చెప్పకు. "రోల్ గురించి ఇంకాస్త తెలిశాక చెబుతానండి. ఈ పొజిషన్‌కి మీ బడ్జెట్ ఎంతలో ఉందో చెప్పగలరా?" అను. ఇందులో పొగరేమీ లేదు. నేను ఫోన్ చేసే ప్రతిసారీ ఆ పోస్టుకు ఇంత నుంచి ఇంత వరకు ఇవ్వచ్చని నా ముందు రాసే ఉండేది. అడిగినవాళ్లకు చెప్పాను. అడగనివాళ్లు తక్కువ చెబితే తక్కువే రాశాను. అలా రాసినప్పుడల్లా నా మొదటి ఉద్యోగం గుర్తొచ్చి మనసు చివుక్కుమనేది.

ఇప్పటి జీతం ఎంతని కూడా అడుగుతారు. మీ అన్నయ్య ఉండే కాలిఫోర్నియాలో 2018 జనవరి నుంచి కంపెనీలు ఆ ప్రశ్న అడగకూడదు. ఇక్కడ అలాంటి అడ్డు లేదు, పైగా మూడు నెలల పేస్లిప్పులు పెట్టమంటారు. కాబట్టి అబద్ధం మాత్రం ఆడకు. ఉన్నది చెప్పి, వెంటనే "కానీ ఈ రోల్ బాధ్యత వేరు కదండీ, దాన్నిబట్టే చూడమని నా మనవి" అను. పాత జీతం మీద 30 శాతం హైక్ అని నువ్వే అడిగావనుకో, పోయినేడాది ధరకే తోట రాసిచ్చినట్టవుతుంది.

బడ్జెట్ చెప్పకుండా రెండోసారీ నిన్నే అడిగితే ఇక దాటవేయకు. ఇంతిస్తే సంతోషంగా చేరతాననుకునే అంకె చెప్పు. ఇంతకు తగ్గితే వద్దనుకునేది నీ మనసులోనే ఉంచుకో. చెప్పాక ఆగు. అవతల వాళ్లు రెండు క్షణాలు మాట్లాడకపోతే, "కొంచెం అటూ ఇటూ అయినా ఫర్వాలేదండీ" అనేది మన ఆడపిల్లలే. ఆ ఒక్క ముక్కతో లక్ష పోగొట్టుకున్నవాళ్లను చూశాను. ఎంతకు కుదిరినా ఆఫర్ లెటర్ చేతికొచ్చి, వేరియబుల్, జాయినింగ్ బోనస్, దాని షరతులు చదివాకే రాజీనామా పెట్టు. నీకు 90 రోజుల నోటీసు ఉంది, మరిచిపోకు.

అర్ధరాత్రి సర్వర్లు పడిపోతే లేచి కూర్చుని నిలబెట్టినదానివి. కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పినదానివి. అవన్నీ ఈ ఏటి కాపే. వాటిని ఒక కాగితం మీద రాసి, ఫోన్ పక్కన పెట్టుకుని మాట్లాడు.

సోమవారం మాటలయ్యాక ముందు నాకు ఫోన్ చెయ్యి. వాళ్లెంత ఇస్తామన్నారో తర్వాత చెబుదువుగాని. నువ్వెంత అడిగావో చెప్పు.

నీ పెద్దమ్మ