ఏటా రంగు వెయ్యాల్సిన సిలువ

అమ్మమ్మ పోయిన నెలకి, సమాధి మీద గ్రానైట్ పలక వేయిద్దామన్నాడు మావయ్య. విజయవాడలో ఫొటో ఇస్తే రాతి మీద మొహం కూడా దింపేస్తున్నారు. నేను ఇనుప సిలువ చేయిద్దామన్నాను. అవనిగడ్డ పక్కన మా ఊళ్లో కొలిమి ఒకటి ఇంకా ఆరిపోలేదు. "ఉప్పుగాలికి రెండేళ్లలో తుప్పు పడుతుంది. మీరెవరూ ఊళ్లో ఉండరు. ఎవరు చూస్తారే?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ పూర్తిగా లేదు.

ఆలోచన కూడా నా సొంతం కాదు. నల్లసముద్రం తీరం నుంచి అమెరికాలోని నార్త్ డకోటాకి వలసవెళ్లిన జర్మన్ రైతుల శ్మశానాల ఫొటోలు చూశాను. 19వ శతాబ్దం చివరి నుంచి కొన్ని దశాబ్దాలపాటు అక్కడ ఊరి కమ్మరులే సిలువలు చేశారు, చాలాసార్లు పాడైన వ్యవసాయ పనిముట్ల ఇనుముతోనే. కార్ఖానా రాళ్లు వచ్చాక ఆ పని ఆగిపోయింది. 1989లో ఆ శ్మశానాల్లో కొన్నిటిని చారిత్రక స్థలాల జాతీయ జాబితాలో చేర్చారు. పని చచ్చాక జాబితాకెక్కడం మనకీ తెలిసిన తంతే.

మా ఊరి కమ్మరికి అరవై దాటాయి. ట్రాక్టర్లొచ్చి నాగటి కర్రులు పోయాయి, కోత మిషన్లొచ్చి కొడవళ్లు పోయాయి. ఇప్పుడు కత్తిపీటలు, గొడ్డళ్లు, ఎప్పుడైనా ఒక గునపం. సిలువ అనగానే ఆయన డబ్బు సంగతి ఎత్తలేదు. "కర్రు అరిగితే రైతు మళ్లీ వచ్చేవాడు. కొడవలికి కక్కు పోతే మళ్లీ వచ్చేవాళ్లు. దీన్ని ఒకసారి పాతేశాక మీరు మళ్లీ ఎందుకొస్తారమ్మా?" అన్నాడు.

చేతివృత్తుల పునరుద్ధరణ గురించి ఎన్ని వ్యాసాలు చదివానో. ఈ మాట ఎక్కడా కనపడలేదు. మనం వస్తువు గురించే మాట్లాడతాం, దాన్ని కొని షెల్ఫులో పెడతాం. కమ్మరాన్ని బతికించింది మాత్రం అరుగుదల.

ఇంకోటి కూడా ఉంది. ఆయన నన్ను "మీరు" అన్నాడు. కోతల కాలంలో అమ్మమ్మ పేట నుంచి ఇదే కొలిమికి కొడవలి తెచ్చేది. దాన్ని నేల మీద పెట్టి దూరంగా నిలబడేదట. ఆయన తండ్రి తీసుకుని, కక్కు పెట్టి, మళ్లీ నేల మీదే పెట్టేవాడు. రైతులు కళ్లాల్లో ఏడాదికోసారి మేర కొలిచేవాళ్లు. పేటవాళ్లది అప్పటికప్పుడు చెల్లింపు, దాంతోపాటు ఆ దూరం. కాబట్టి "సంప్రదాయాన్ని నిలబెడదాం" అని ఎవరన్నా అంటే, ఆ దూరాన్ని కూడానా, అని అడగాలనిపిస్తుంది నాకు. కమ్మరం కులవృత్తి అయినట్టే నేల మీద పెట్టిన కొడవలి కూడా సంప్రదాయమే. అలాంటప్పుడు ఆ కొలిమికే ఎందుకు వెళ్లానంటే, ఆమె కొడవలిని ఎరిగిన దాగలి అదొక్కటే మిగిలింది గనక.

లారీ కమాను కట్ట తెచ్చిచ్చాను. ఆయన వెల్డింగ్ పెట్టలేదు. రెండు పట్టీలూ ఎర్రగా కాల్చి బెజ్జాలు కొట్టి రివిట్లు దిగ్గొట్టాడు. మధ్యలో "అమ్మమ్మ" అని ఉండాలన్నాను. ఇంగ్లీషు అక్షరాలకైతే ముక్కలు నరకాలట, మన అక్షరాలకి సన్న చువ్వని వేడి మీద దాగలి కొమ్ముకి చుట్టి వంచితే చాలట. ఒత్తు దగ్గర మాత్రం ఆగి, "ఇది విడిగా చేసి కింద తగిలించాలి" అన్నాడు. పేరు లేకుండా ఏం సమాధి అని మావయ్య రుసరుసలాడాడు. పేరు వెనక వైపు ఉంది. ఖర్చు గ్రానైట్‌కంటే తక్కువేం కాలేదు.

పేర్ల సంగతికొస్తే, బందరులో 17వ శతాబ్దపు డచ్చి వర్తకుల సమాధి రాళ్లు ఇంకా ఉన్నాయి, వంశ చిహ్నాలతో సహా. రాళ్లు నిలబడ్డాయి గానీ, కొవ్వొత్తి పెట్టే మనవలు లేరు. అక్కణ్ణించి మా దివిసీమ ఎంతో దూరం కాదు. 1977 నవంబర్ 19 ఉప్పెనలో ఇక్కడ వేలమంది పోయారు. దొరికిన శవాల్ని దొరికినచోటే కుప్పలుగా పూడ్చారు, కాల్చారు. అమ్మమ్మ చెల్లెలు వాళ్లలో ఉంది. ఆవిడకి రాయీ లేదు, ఇనుమూ లేదు. కానీ బతికినంత కాలం నవంబర్ 2న సమాధుల పండక్కి అమ్మమ్మ ఒక కొవ్వొత్తి ఎక్కువ వెలిగించేది, శ్మశానం గోడ మీద. గ్రానైట్ వేసి నిశ్చింతగా ఉండాలనే మావయ్య కోరికలో తప్పేమీ లేదు. నాకు ఆ నిశ్చింతే భయం.

పోయిన పండక్కి వెళ్లేసరికి సిలువ మొదట్లో ఎర్రగా పొరలు లేచాయి. "చెప్పానా" అన్నాడు మావయ్య. అని, ఎమెరీ పేపర్ తీసుకుని తనే కూర్చుని గీకాడు. నేను నల్లరంగు వేశాను. ఎడమవైపు రివిట్ ఒకటి వదులైంది, దానికి కొలిమి కావాలి. ఆయన భుజం పట్టేసి సమ్మెట ఎత్తలేకపోతున్నాడు. కొడుకు విజయవాడ ఆటోనగర్‌లో వెల్డింగ్ చేస్తున్నాడు, సంక్రాంతికి వస్తాడట. అప్పటిదాకా దారంతో కట్టి వచ్చాం.